నల్లగొండ కంకరకు ప్లాస్టిక్ పూత: యాభై కిలోమీటర్ల దగ్గర ఆగిన నిబంధన

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల రోడ్లకు వాడే కంకర చాలావరకు ఇక్కడి గ్రానైటు గుట్టల నుంచే వస్తుంది. గట్టిదనంలో ఆ రాయికి వంక పెట్టలేము గానీ, సిలికా ఎక్కువగా ఉండడం వల్ల అది తారుకన్నా నీటినే తొందరగా పట్టుకుంటుంది. వానాకాలంలో నీరు సందుల్లోకి దిగితే తారు రాయిని వదిలేసి, కంకర లేచిపోయి, గుంత పడుతుంది. ఎండాకాలంలో తారు మెత్తబడి, ధాన్యం లారీలు, సిమెంటు లారీలు తిరిగే దారిలో చక్రాల చాళ్లు పడతాయి. పారేసిన కవర్లను తురిమి తారు, కంకరలతో కలిపి వేసే ప్లాస్టిక్ రోడ్డు అనగానే అందరూ చెత్త గురించే మాట్లాడతారు; ఈ ప్రాంతానికి మాత్రం ఈ రెండు జబ్బుల సంగతే ముఖ్యం.

ఈ పద్ధతికి రూపం ఇచ్చినవారు మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల రసాయనశాస్త్ర ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్. ప్లాస్టిక్‌ను కరిగిన తారులోనే నేరుగా కలిపితే, నిల్వ ఉంచినప్పుడు రెండూ విడిపోతాయి. ఆయన వరస మార్చారు. దాదాపు 160 నుంచి 170 డిగ్రీల వరకు వేడెక్కిన కంకర మీద తురిమిన కవర్లు చల్లితే, అవి కరిగి రాయి చుట్టూ పల్చని పూతగా అంటుకుంటాయి. తారు పోసేది ఆ తర్వాతే. పూత రాతి రంధ్రాలను మూసి నీటిని అడ్డుకుంటుంది, తారును వదలకుండా పట్టి ఉంచుతుంది. 2006లో ఈ పద్ధతికి పేటెంటు, 2018లో ఆయనకు పద్మశ్రీ లభించాయి.

2013లో రోడ్ల పనులకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీనికి మార్గదర్శకాలు ప్రకటించి, తారు బరువులో 6 నుంచి 8 శాతం వరకు ప్లాస్టిక్ వాడవచ్చని చెప్పింది. 2015 నవంబరులో కేంద్ర రహదారుల శాఖ, 5 లక్షలకు మించి జనాభా ఉన్న పట్టణాల చుట్టూ 50 కిలోమీటర్ల లోపు జాతీయ రహదారుల పనుల్లో దీన్ని తప్పనిసరి చేసింది. హైదరాబాద్ నుంచి ఆ దూరం విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర, బెంగళూరు దారిలో షాద్‌నగర్ దగ్గర ఇంచుమించు తీరిపోతుంది. 2011 లెక్కల ప్రకారం నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో దేని జనాభా కూడా 5 లక్షలకు చేరలేదు కనుక వాటి చుట్టూ అలాంటి 50 కిలోమీటర్ల పరిధి ఏర్పడలేదు.

సరుకు దొరకడం మరో చిక్కు. 2019లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతితో ఊరూరికీ ట్రాక్టరు, డంపింగు యార్డు వచ్చాయి గానీ, యార్డుకు చేరిన కవర్లన్నీ కంకరకు పనికిరావు. ధర పలికే పాల ప్యాకెట్లను పాత సామాన్లవాళ్లు ముందే ఏరుకుపోతారు. మిగిలేవి కూర అంటిన, మట్టి పట్టిన పల్చని కవర్లు. ఎన్నికలకూ పుట్టినరోజులకూ విరివిగా వెలిసే ఫ్లెక్సీలు పీవీసీ అనే రకం ప్లాస్టిక్‌వి. వేడికి విషవాయువులు వెలువడతాయి కాబట్టి పీవీసీని ఈ పనికి నిషేధించారు. ఒక వరుస రోడ్డుకు కిలోమీటరుకు సుమారు టన్ను ప్లాస్టిక్ పడుతుంది. కవరు 5 గ్రాములనుకుంటే అది 2 లక్షల కవర్లు. వాటిని ఏరి, కడిగి, ఆరబెట్టి, తురమాలి. ఈ ఖర్చు ఎవరు భరించాలో తేలనంతకాలం గుత్తేదారుకు మామూలు తారే సులువుగా తోస్తుంది, అందుకు అతన్ని తప్పుపట్టడం కష్టం.

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు మళ్లీ వాడకానికి రాని ప్లాస్టిక్‌ను రోడ్లకు వాడడాన్ని ప్రోత్సహించాలని స్థానిక సంస్థలకు చెప్పాయి. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో దశ, బ్లాకు స్థాయిలో ప్లాస్టిక్ శుద్ధి కేంద్రాలకు నిధులు కేటాయించింది. తురిమే యంత్రం అక్కడ ఉన్నా, పంచాయతీరాజ్ రోడ్డు అంచనాల్లో ప్లాస్టిక్‌కు ఒక పద్దు లేకపోతే ఆ తురుము కొనేవాడు ఉండడు.