ఉద్యోగానికి వైద్యం ముడిపడిన వైనం

అమెరికాలో ఉద్యోగం పోతే చాలామందికి జీతంతో పాటు వైద్యానికి ఉన్న ఆసరా కూడా పోతుంది. 65 ఏళ్ల లోపువారిలో 15 కోట్లకు పైగా జనం అక్కడ యజమాని ద్వారా వచ్చే ఆరోగ్య బీమానే నమ్ముకుని బతుకుతున్నారు. ఈ ఏర్పాటును ఎవరూ ముందుగా ఆలోచించి రూపొందించలేదు. ఆసుపత్రులకు రావలసిన బకాయిలు, యుద్ధకాలపు ఆంక్షలు, ఒక పన్ను మినహాయింపు కలిసి దీన్ని తయారు చేశాయి.

1929లో డాలస్‌లోని బేలర్ ఆసుపత్రికి రోగుల నుంచి రావలసిన బకాయిలు పేరుకుపోయాయి. దాని బాధ్యతలు చూస్తున్న జస్టిన్ ఫోర్డ్ కింబాల్ అంతకుముందు ఆ నగర పాఠశాలల అధిపతి. బిల్లులు కట్టలేకపోతున్నవారిలో ఉపాధ్యాయులు ఉన్నారని గమనించి, నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజుల ఆసుపత్రి వైద్యం అందే పథకం పెట్టాడు. మాంద్యంలో పడకలు ఖాళీ అయిన ఇతర ఆసుపత్రులు కూడా ఇదే దారి పట్టాయి. బ్లూ క్రాస్ అనే ఆరోగ్య బీమా వ్యవస్థ పుట్టింది ఇలాగే. రోగికి భరోసా ఎంతో, ఆసుపత్రికి నిలకడైన రాబడి కూడా అంతే ముఖ్యమైన బీమా ఇది. తర్వాతి కథంతా అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

అసలు మలుపు రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి 1942లో జీతాల పెంపుపై ప్రభుత్వం ఆంక్షలు విధించింది. పనివాళ్ల కొరత తీవ్రంగా ఉంది, జీతం పెంచే వీలు లేదు. బీమా వంటి సదుపాయాలకు మాత్రం మినహాయింపు ఉండటంతో సంస్థలు ఆ దారిలో పోటీపడ్డాయి. యజమాని కట్టే ప్రీమియంపై ఉద్యోగి ఆదాయపు పన్ను కట్టనక్కరలేదన్న నిబంధనను 1954లో చట్టంలోనే స్పష్టంగా రాశారు.

ఆ వెసులుబాటు విలువ చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆదాయంలో 30 శాతం పన్నుకు పోయే ఉద్యోగికి జీతం 1,000 డాలర్లు పెంచితే చేతికందేది 700. అదే మొత్తాన్ని బీమాగా ఇస్తే మొత్తం 1,000 దక్కుతుంది. పన్ను రేటు ఎక్కువగా ఉన్నవారికి, అంటే పెద్ద జీతగాళ్లకు, లాభమూ ఎక్కువే. చిన్న జీతంతో, బీమా లేకుండా పనిచేసేవారికి ఇందులో దక్కేది శూన్యం. ఇది అన్యాయమని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

అందరికీ జాతీయ ఆరోగ్య బీమా ఉండాలని 1945లో అధ్యక్షుడు ట్రూమన్ ప్రతిపాదించాడు. వైద్యుల సంఘం గట్టిగా ఎదిరించడంతో అది ముందుకు సాగలేదు. కార్మిక సంఘాలు బేరమాడి యజమానుల నుంచే బీమా సాధించుకున్నాయి. 1965లో వృద్ధులకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా పథకాలు వచ్చాయి.

ఖర్చు పెరగడానికి కారణాలు అనేకం: కొత్త చికిత్సలు, ఆసుపత్రులు వసూలు చేసే అధిక ధరలు, పరిపాలనా భారం. పన్ను మినహాయింపు వీటికి తోడైందని, అవసరానికి మించిన బీమాను ప్రోత్సహించి ధరలను పైకి నెట్టిందని 1970లలోనే ఆర్థికవేత్త మార్టిన్ ఫెల్డ్‌స్టీన్ వాదించాడు. 1999లో కుటుంబ బీమా సగటు వార్షిక ప్రీమియం 5,791 డాలర్లు. 2024లో అది 25,572. ఇందులో ఉద్యోగి జీతం నుంచి నేరుగా కోసేది 6,296 డాలర్లు. మిగతాది యజమాని ఇస్తున్నాడని అందరూ అనుకుంటారు. అది కూడా చాలావరకు ఉద్యోగి సొమ్మేనని ఆర్థికవేత్తల్లో అత్యధికుల అభిప్రాయం. ఉద్యోగిపై పెట్టే మొత్తం ఖర్చునే సంస్థ లెక్కిస్తుంది కాబట్టి, ప్రీమియం పెరిగినకొద్దీ జీతం పెంపు కుంచించుకుపోతుంది. జీతం ఎందుకు పెరగలేదో ఆ కార్మికుడికి ఏ కాగితమూ చెప్పదు. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

ఉద్యోగం పోయాక సాధారణంగా 18 నెలల పాటు అదే బీమా కొనసాగించుకునే హక్కును 1980లలో చట్టం కల్పించింది. కాకపోతే యజమాని వాటాతో కలిపి ప్రీమియం మొత్తం ఉద్యోగం పోయినవారే కట్టాలి, అదీ ఆదాయం ఆగిపోయిన సమయంలో. ఒబామాకేర్‌గా పేరుపడిన 2010 నాటి చట్టం, 50 మంది లేదా అంతకు మించి పూర్తికాల ఉద్యోగులున్న సంస్థలు బీమా ఇవ్వకపోతే జరిమానా పెట్టింది. ఖరీదైన బీమాలపై 40 శాతం పన్నును కూడా అందులో చేర్చారు. యజమానులు, కార్మిక సంఘాలు కలిసికట్టుగా వ్యతిరేకించడంతో ఆ పన్ను పదేపదే వాయిదా పడి, ఒక్క డాలరూ వసూలు కాకుండానే 2019లో రద్దయింది.