ఈవెంట్‌తో సొంత టైప్ పంపడం: అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా సీ షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ల కోడ్ చూసేటప్పుడు నేను ఎక్కువగా ఆగేది ఈవెంట్ల దగ్గరే. ఈవెంట్ అంటే ‘ఫలానాది జరిగింది’ అని ప్రోగ్రామ్‌లో ఒక భాగం మిగతా భాగాలకు పంపే కబురు. ఈవెంట్ రాయడం అందరికీ వచ్చు. దాంతోపాటు ఏం పంపాలన్న దగ్గరే రకరకాల నమ్మకాలు కనిపిస్తాయి.

అపోహ: అంకెలు, స్ట్రింగ్‌లు లాంటి మామూలు రకాలే పంపాలి.

ఈ భయం ఊరికే పుట్టలేదు. విజువల్ బేసిక్ 6లో స్టాండర్డ్ మాడ్యూల్‌లో రాసుకున్న టైప్‌ని (కొన్ని విలువల్ని కలిపి మనమే చేసుకున్న రకాన్ని) క్లాస్ ఈవెంట్‌కి పారామీటర్‌గా పెడితే కంపైలర్ ఒప్పుకునేది కాదు. టైప్ బదులు క్లాస్ (ఒక నమూనా) రాసి, దాన్నుంచి చేసిన ఆబ్జెక్ట్ పంపితే అప్పుడు కూడా పనిచేసేది. 2002లో వచ్చిన డాట్ నెట్ (సీ షార్ప్ కోడ్ నడిచే వేదిక) మొదటి వెర్షన్ నుంచే ఆ అడ్డు లేదు.

నిజానికి ప్రమాదం ఉన్నది విడివిడిగా పంపడంలోనే. కస్టమర్ పేరూ స్ట్రింగే, ఐటమ్ పేరూ స్ట్రింగే. ఈవెంట్‌ని రైజ్ చేసే (పంపే) చోట రెండూ తారుమారైనా కంపైలర్ కిక్కురుమనదు. రేపు జీఎస్టీ మొత్తం కూడా కావాలంటే కొత్త పారామీటర్ చేర్చాలి, ఆ ఈవెంట్‌ని వింటున్న ప్రతి హ్యాండ్లర్‌నీ (ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్‌ని) తెరిచి మార్చాలి. బిల్లు వివరాలకు ఒక క్లాస్ ఉంటే అందులో ఒక ప్రాపర్టీ చేరిస్తే సరిపోతుంది. పాత హ్యాండ్లర్ల జోలికి వెళ్లక్కర్లేదు.

అపోహ: ఆ క్లాస్ కచ్చితంగా ఈవెంట్‌ఆర్గ్స్ నుంచే రావాలి.

ఈవెంట్‌ఆర్గ్స్ అంటే ఈవెంట్ వివరాల కోసం డాట్ నెట్‌లోనే ఉన్న క్లాస్. దాన్ని ఆధారంగా చేసుకునే మన క్లాస్ రాయాలన్నది ఒకప్పుడు కొంతవరకు నిజమే. 2005లో డాట్ నెట్ 2.0తో వచ్చిన జెనెరిక్ ఈవెంట్‌హ్యాండ్లర్‌కి (ఏ రకం వివరాలు పంపాలో మనమే చెప్పుకునే రెడీమేడ్ ఈవెంట్ రూపానికి) ఆ షరతు ఉండేది. 2012లో 4.5 వెర్షన్‌లో దాన్ని తీసేశారు. 2020లో సీ షార్ప్ 9తో రికార్డ్‌లు (విలువలు మోసుకెళ్లడానికి క్లుప్తంగా రాసుకునే రకాలు) వచ్చాక ఈ మార్పు విలువ తెలిసింది. రికార్డ్ అనేది ఈవెంట్‌ఆర్గ్స్ లాంటి మామూలు క్లాస్ నుంచి రావడం కుదరదు కాబట్టి పాత షరతే ఉండి ఉంటే దాన్ని అక్కడ వాడలేకపోయేవాళ్లం. అయినా బయటివాళ్లు వాడే లైబ్రరీ రాస్తుంటే ఈవెంట్‌ఆర్గ్స్ నుంచి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఈవెంట్‌ఆర్గ్స్ తీసుకునే లాగింగ్ హ్యాండ్లర్ ఒక్కటి రాసుకుంటే ఆ ఈవెంట్లన్నిటికీ తగిలించవచ్చు.

అపోహ: ప్రతి హ్యాండ్లర్‌కీ దాని కాపీ దానికి అందుతుంది.

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్‌లో ‘బిల్లు సేవ్ అయింది’ అనే ఈవెంట్‌ని మూడు హ్యాండ్లర్లు వినేవి: ప్రింటింగ్, స్టాక్, రోజువారీ జీఎస్టీ లెక్క. రాత్రి లెక్క కట్టేటప్పుడు కొన్ని బిల్లుల్లో పైసల తేడా వస్తోందని అక్కడి అకౌంటెంట్ ఫోన్ చేశారు. కొన్ని రోజులు అంతా సరిగ్గా ఉండేది, కొన్ని రోజులు ఉండేది కాదు. రెండు రోజులు నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

ప్రింటింగ్ హ్యాండ్లర్ రసీదు మీద రౌండ్ అంకె వేయడానికి, ఈవెంట్‌తో వచ్చిన ఆబ్జెక్ట్‌లోని మొత్తాన్నే మార్చేస్తోంది. హ్యాండ్లర్లు సబ్‌స్క్రైబ్ అయిన వరుసలోనే, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. క్లాస్ అయితే అన్నిటికీ అందేది ఒకే ఆబ్జెక్ట్. ఒకే రిజిస్టర్ చేతులు మారినట్టు, ముందువాళ్లు కొట్టేసి రాసిందే తర్వాతివాళ్లకు కనిపిస్తుంది. ప్రింటింగ్ స్క్రీన్ మూసి మళ్లీ తెరిచిన రోజున ఆ హ్యాండ్లర్ వరుసలో చివరికి వెళ్లేది, లెక్క సరిపోయేది.

ప్రాపర్టీల్లో సెట్టర్లు (విలువ మార్చే దారులు) తీసేసి, విలువలన్నీ కన్‌స్ట్రక్టర్‌లోనే, అంటే ఆబ్జెక్ట్ తయారయ్యేటప్పుడే ఇచ్చాను. తప్పు లైన్ ఏదో కంపైలరే ఎత్తి చూపించింది. అప్పటి నుంచి నేను రాసే ఈవెంట్ క్లాస్‌లకు, ప్రత్యేక కారణం ఉంటే తప్ప, సెట్టర్ ఉండదు. సెట్టర్ లేనంత మాత్రాన లోపలి లిస్ట్ భద్రంగా ఉన్నట్టు కాదు, దానికి ఎవరైనా ఐటమ్ చేర్చగలరు. అందుకే లిస్ట్‌ని కాపీ చేసి, చదవడానికి మాత్రమే వీలయ్యే రూపంలో ఇస్తాను.

అపోహ: స్ట్రక్ట్ పెడితే ఈ గొడవే ఉండదు.

స్ట్రక్ట్ అంటే పంపిన ప్రతిసారీ కాపీ అయ్యే రకం, జిరాక్స్ లాంటిది. ఎవరి కాపీ వాళ్లకి అందుతుంది, నిజమే. కానీ అందులో లిస్ట్ ఉంటే ప్రతి జిరాక్స్ కాపీ చూపించేది ఆ ఒక్క లిస్ట్‌నే. పైగా హ్యాండ్లర్ నుంచి జవాబు వెనక్కి రావాల్సిన చోట స్ట్రక్ట్ పనికిరాదు. ఫామ్ మూసే ముందు వచ్చే ఈవెంట్‌లో క్యాన్సిల్ ప్రాపర్టీకి సెట్టర్ ఉన్నది, హ్యాండ్లర్ ‘వద్దు’ అని చెప్పడానికే. అది స్ట్రక్ట్ అయి ఉంటే ఆ ‘వద్దు’ కాపీలోనే ఉండిపోయేది.

క్లాస్ వాడితే వేగం తగ్గదా అని కూడా అడుగుతుంటారు. కొద్దిసేపు బతికే చిన్న ఆబ్జెక్ట్‌లను గార్బేజ్ కలెక్టర్ (వాడేసిన మెమరీని ఖాళీ చేసేది) చవగ్గానే ఊడుస్తుంది. బిల్లుకోసారి వచ్చే ఈవెంట్‌కి ఆ దిగులు అక్కర్లేదు.

అపోహ: అసింక్ హ్యాండ్లర్‌లో క్యాన్సిల్ ఎక్కడ రాసినా ఒకటే.

అవెయిట్ అంటే ఆలస్యమయ్యే పని పూర్తయ్యేదాకా హ్యాండ్లర్‌లోని మిగతా కోడ్‌ని ఆపి ఉంచడం. అది వాడేదే అసింక్ హ్యాండ్లర్. మొదటి అవెయిట్ దగ్గర పని పూర్తికాకపోతే కంట్రోల్ ఈవెంట్ రైజ్ చేసిన కోడ్‌కి తిరిగి వెళ్లిపోతుంది. అది అప్పుడే క్యాన్సిల్ విలువ చదివేసుకుని ఫామ్ మూసేస్తుంది. సర్వర్ నుంచి జవాబు వచ్చాక మీరు ట్రూ అని రాసినా దాన్ని చదివేవాళ్లు ఉండరు. అందుకే అవెయిట్‌కి ముందే క్యాన్సిల్‌ని ట్రూ చేసి ఫామ్‌ని ఆపుతాను. జవాబు వచ్చి, మూయవచ్చని తేలాక ఒక ఫ్లాగ్ (గుర్తు) పెట్టి నేనే మళ్లీ క్లోజ్‌ని పిలుస్తాను. ఫ్లాగ్ ఉంటే హ్యాండ్లర్ అడ్డుపడదు.