గుద్దులో బలం ఎక్కడి నుంచి వస్తుంది? కరాటే సాధనలో అపోహలు - వాస్తవాలు

కరాటే నేర్పేవాడిగా నేను విద్యార్థుల్లో తరచుగా చూసే పొరపాట్లకు మూలం ఒక్కటే. గుద్దులోని బలం నేల దగ్గర మొదలై, వరుసలో నిలిచిన కీళ్ల గుండా పిడికిలికి చేరుతుందన్న సంగతి వారికి తెలియకపోవడమే ఆ మూలం.

అపోహ: చేతి కండలు పెరిగితే గుద్దు బలపడుతుంది.

వాస్తవం: ముందుకు పెట్టిన కాలికి ఎదురు చేతితో కొట్టే గ్యాకు జుకినే తీసుకుందాం. వెనక కాలు నేలను నెట్టినప్పుడు తుంటి తిరుగుతుంది, దాని వెంట మొండెం, ఆపైన భుజం కదులుతాయి, అన్నిటికంటే చివర మోచేయి చాచుకుంటుంది. 1980లలో సోవియట్ పరిశోధకులు బాక్సర్లను పరిశీలించినప్పుడు, ఆరితేరినవారి దెబ్బలో కాళ్ల వాటా, కొత్తవారి దెబ్బలో చేతి వాటా ఎక్కువగా కనిపించాయి. కండబలం అక్కరలేదని కాదు గానీ, దారిలో ఒక్క కీలు వంగినా ఆ బలం అక్కడే చెదిరిపోతుంది. ప్యాడ్ పట్టుకున్నవారికి ఇది వెంటనే తెలుస్తుంది: మోచేయి పక్కకు లేచిన గుద్దు చప్పుడు చేస్తుందే తప్ప ప్యాడ్‌ను వెనక్కి నెట్టదు.

దీన్ని ఎవరికి వారే పరీక్షించుకోవచ్చు. పిడికిలిని గోడకు ఆనించి, శరీరం బరువును మెల్లగా దాని మీదికి తేవాలి. చూపుడు వేలు, మధ్య వేలు మెటికలు ముంజేతితో ఒకే గీతలో ఉండి, మోచేయి నేల వైపు చూస్తూ, భుజం చెవి వైపు లేవకుండా ఉంటే ఆ బరువు మడమ దాకా తెలుస్తుంది. మణికట్టు మడత పడితే నొప్పి అక్కడే మొదలవుతుంది. బరువంతా చిటికెన వేలి వైపు పడేలా గట్టిగా కొడితే అరచేతి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

అపోహ: ఒళ్లంతా బిగించి కొట్టాలి.

వాస్తవం: గోజూర్యూ శైలిని స్థాపించిన చోజున్ మియాగి (1888–1953) పరంపరలో సాంచిన్ అనే కటాను (వరుస కదలికల సాధనను) బిగువుతో, నెమ్మదిగా చేస్తారు. అది శ్వాసనూ నిలకడనూ నేర్పే సాధన. ఆ బిగువునే గుద్దులోకి తెచ్చుకుంటే చేతిని చాచే కండరానికి దాన్ని వెనక్కి లాగే కండరం అడ్డుపడి, వేగం పడిపోతుంది. 2010లో శరీర కదలికల పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ బృందం ఎంఎంఏ (మిశ్రమ యుద్ధకళల) యోధుల కండరాల్లో చూసిన క్రమం ఇది: కదలిక ఆరంభంలో ఒక బిగువు, నడుమ సడలింపు, దెబ్బ తగిలే క్షణంలో మళ్లీ బిగువు. నా దృష్టిలో బిగించడం కంటే ఆ నడిమి సడలింపును నేర్పడమే కష్టం, దానికే ఎక్కువ కాలం పడుతుంది.

అపోహ: వెనక మడమ లేస్తే బలం పోతుంది.

వాస్తవం: బాక్సర్లు మడమ లేపి, పాదం ముందు భాగం మీద తిరుగుతూనే బలంగా కొడతారు. షోటోకాన్ కరాటే శైలిలో మడమ ఆనించమంటారు. నేలను నెట్టడం ఆగనంతవరకు రెండు పద్ధతులూ పనిచేస్తాయి. ముందు మోకాలు లోపలికి పడిపోవడం మాత్రం ఏ పద్ధతిలోనైనా తప్పే. అది కాలివేళ్ల దిశలోనే ఉండాలి.

అపోహ: మకివారా (గుద్దుల సాధనకు నిలబెట్టే చెక్క పలక) మీద చిన్నప్పటి నుంచే కొడితే పిడికిలి గట్టిపడుతుంది.

వాస్తవం: పిల్లల ఎముకల చివర్లలో ఎదిగే భాగం ఇంకా మెత్తగానే ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే ఎదుగుదలే దెబ్బతినవచ్చు. ఎముకల ఎదుగుదల పూర్తయ్యేదాకా వారికి మెత్తని ప్యాడ్, పైన చెప్పిన, పిడికిలిని గోడకు ఆనించే సాధన చాలు.