బోరులో నీటికి ఊరి లెక్క: ఏడు కరువు జిల్లాల వెనుకటి కథ

టేపు చివర చిన్న లోహపు మొన, ఇవతలి చివర ఒక పెట్టె. బోరు గొట్టంలోకి టేపును మెల్లగా దించుతూ పోతే, మొన నీటిని తాకగానే పెట్టె మోగుతుంది. అప్పుడు టేపు మీది అంకె చదివి పుస్తకంలో రాయాలి. రెండు దశాబ్దాల కిందట అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రెండు వేలకు పైగా బావుల దగ్గర పదిహేను రోజులకోసారి ఈ పని జరిగేది. అంకె చదివిందీ రాసిందీ ఆ ఊళ్ల రైతులే, ఆడవాళ్లూ మగవాళ్లూ. ఆ టేపు వాళ్ల చేతికి రావడం వెనుక నెదర్లాండ్స్ ప్రభుత్వం, రోమ్‌లోని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, నంద్యాలలోని ఒక స్వచ్ఛంద సంస్థ ఉన్నాయి. ఇండోనేషియా వరి పొలాలకూ ఈ కథలో చోటుంది.

కథ మొదలైంది మాత్రం కొలతలతో కాదు, బోర్లు వేయడంతో. 1992 జనవరిలో డబ్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ జల సదస్సు, నీటి నిర్వహణలో వాడుకునేవాళ్లకు భాగం ఉండాలని, నిర్ణయాలు వీలైనంత కింది స్థాయిలోనే జరగాలని చెప్పింది. ఆ మాట సాయం చేసే దేశాల ఆలోచనల్లోకి చేరుతున్న కాలంలోనే, 1995లో, నెదర్లాండ్స్ సాయంతో ఇక్కడ ‘ఏపీవెల్’ ప్రాజెక్టు మొదలైంది. సొంతంగా బోరు వేయించుకునే స్తోమత లేని చిన్న, సన్నకారు రైతులు కొన్ని కుటుంబాలుగా కలిసి ఒకే బోరు కింద సాగు చేసుకోవాలన్నది దాని ఉద్దేశం. ఏడు జిల్లాల్లో మూడు వేలకు పైగా బోర్లు పడ్డాయి. వానను నమ్ముకున్న మెట్ట భూమికి అంత నీరు అందడం ఆ కుటుంబాలకు పెద్ద విషయమే.

అయితే ఈ జిల్లాల్లో చాలా భాగం కింద ఉన్నది గట్టి రాయి. నీరు నిలిచేది పైనున్న మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో. నిల్వ తక్కువ. మంచి వాన పడితే నిండుతుంది, రెండు పంటకాలాలు తోడితే అడుగంటుతుంది. ఒక రైతు బోరు వేస్తే పక్క చేనులో ఇంకొకరు అంతకంటే లోతుకు వేస్తారు, మొదటి బోరు ఎండుతుంది. రాయలసీమలోనూ పాలమూరులోనూ బోరు మీద బోరు వేసి అప్పులపాలు కాని ఊరు వెతికినా దొరకడం కష్టం. ప్రాజెక్టు బోర్లు పడింది కూడా ఈ పోటీ మధ్యలోకే. బోర్లు వేసి వెళ్లిపోతే చాలదని, కింద ఎంత నీరుందో వాడుకునేవాళ్లకే తెలియాలని ఏపీవెల్ చివరి ఏళ్లలో ఆ బృందం గుర్తించింది. రైతుల చేత నీటిమట్టాలు కొలిపించడం అప్పుడే మొదలుపెట్టారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అన్నిటికంటే విలువైన మలుపు ఇదే. డబ్బు ఇచ్చినవాళ్లు, పని చేసినవాళ్లు తమ మొదటి దారిని తామే సరిదిద్దుకున్నారు.

2003లో ఏపీవెల్ ముగిసింది. కొలతలనే ప్రాణంగా పెట్టుకుని రెండో ప్రాజెక్టు మొదలైంది. అదే ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు, పొడి అక్షరాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్. సరిగ్గా ఆ ఏడాదే ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో కేంద్ర ప్రభుత్వం, చిన్న మొత్తాల్లో సాయం చేసే దేశాల నుంచి ప్రభుత్వాల మధ్య సాయం ఇక తీసుకోబోమని ప్రకటించింది. నెదర్లాండ్స్ కూడా ఆ దేశాల్లో ఉంది. పని అక్కడితో ఆగిపోవలసిందే. కానీ డచ్ నిధులు ఆహార వ్యవసాయ సంస్థ ద్వారా వచ్చే ఏర్పాటు కుదిరింది. క్షేత్రంలో నంద్యాలకు చెందిన భారతి సమగ్ర గ్రామీణాభివృద్ధి సంస్థ ముందుండగా, జిల్లాల్లోని చిన్న స్వచ్ఛంద సంస్థలు దానితో కలిసి పనిచేశాయి.

ఆహార వ్యవసాయ సంస్థ వెంట ఒక బోధన పద్ధతి కూడా వచ్చింది. 1989లో ఇండోనేషియాలో వరిని దోమపోటు నుంచి కాపాడుకోవడానికి ఆ సంస్థ రైతు క్షేత్ర పాఠశాలలు పెట్టించింది. పొలమే తరగతి గది, రైతులే పరిశీలకులు. పురుగులను లెక్కపెట్టడం నేర్పిన ఆ పద్ధతినే ఇక్కడ నీటికి మలిచారు. అయితే నీటికి ఒక పంటకాలం చాలదు. తొలకరి నుంచి మండు వేసవి దాకా ఏడాదంతా చూడాలి. అందుకే రైతు నీటి పాఠశాల జూన్‌లో మొదలై మరుసటి మే వరకు నడిచేది.

ఏడు జిల్లాల్లో 650 వరకు ఊళ్లు, అరవై వరకు వాగుల పరీవాహకాలు. ఊరి సరిహద్దులను పక్కన పెట్టి పరీవాహకాన్ని లెక్కకు తీసుకోవడం సరైన పని, ఎందుకంటే భూమి లోపలి నీటికి పంచాయతీ హద్దు తెలియదు. సుమారు 200 చోట్ల వర్షమాపకాలు పెట్టారు. బోరు పోస్తున్న నీటిని డ్రమ్ము, స్టాప్‌వాచీతో కొలిచారు. అంకెలను అందరికీ కనిపించేలా ఊళ్లో బోర్డు మీద రాశారు. వానాకాలం ముగిసి రబీ మొదలయ్యే ముందు అందరూ కూర్చుని నీటి బడ్జెట్ వేసేవారు.

ఆ లెక్క ఎలాంటిదో ఒక ఎకరం తీసుకుని చూద్దాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు 4,000 లీటర్లు. ఏడాదికి 500 మిల్లీమీటర్లు పడి, అందులో పదో వంతు భూమిలోకి ఇంకిందనుకుంటే ఎకరానికి జమ రెండు లక్షల లీటర్లు. ఎకరం వరి పండడానికి 1,000 మిల్లీమీటర్ల నీరు కావాలనుకున్నా నలభై లక్షల లీటర్ల ఖర్చు. అంటే బోరు కింద ఒక్క ఎకరం రబీ వరి ఇరవై ఎకరాలలో ఇంకిన నీటిని తాగేస్తుంది. ఆరుతడి పంటలకు అందులో సగమో, ఇంకా తక్కువో సరిపోతుంది. ఏ అధికారీ వచ్చి చెప్పనక్కర లేకుండా, తన ఊరి బోర్డు మీది అంకెలతో ఇంత లెక్క వేసిన మనిషి వరి నారు పోసే ముందు ఒక్క క్షణమైనా ఆగుతాడు.

ఆగాడా లేదా అన్నదే తర్వాతి చర్చ. ఈ ప్రాజెక్టులో వరి వేస్తే జరిమానా లేదు, మానితే డబ్బూ లేదు. లెక్క అందరిదీ, నిర్ణయం ఎవరిది వారిది. చాలా పరీవాహకాల్లో రబీ వాడకం తగ్గిందని ప్రాజెక్టు వర్గాలు చెప్పాయి. 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భజలాల మీద వెలువరించిన నివేదిక దీన్ని ఎంతో మెచ్చుకుంది. రెండేళ్ల తర్వాత ఇంటర్నేషనల్ వాటర్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, టాటా ట్రస్టుల ఉమ్మడి కార్యక్రమం తరఫున ఊళ్లకు వెళ్లి చూసిన పరిశోధకులు అంత మార్పు కనిపించడం లేదని సందేహం వెలిబుచ్చారు. నిధులు ఆగాక, ఈ పని చూసే ఊరి కమిటీలు నీరసించాయనీ చెప్పారు.

ఈ రెండు మాటలనూ విడివిడిగా చదివితే పొరపడతాం. ప్రాజెక్టు మొదలైన మరుసటి ఏడాదే, 2004 మేలో, రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ వచ్చింది. కరువుతో కుదేలైన రైతుకు అది పెద్ద ఊరట, కాదనను. కానీ ఆ రోజు నుంచి మోటారు ఇంకో గంట నడిపితే రైతుకు అదనపు ఖర్చు లేదు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు రాష్ట్రం 2002లో తెచ్చిన వాల్టా చట్టం బోర్లకు రిజిస్ట్రేషన్ ఉండాలంది, తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్తవి వేయకూడదంది. ఊళ్లో దాన్ని గట్టిగా అమలు చేసిన చోట్లు తక్కువ. ఒక చేత్తో టేపు ఇచ్చి, మరో చేత్తో కరెంటు ఇచ్చి, చట్టాన్ని గాలికొదిలేస్తే టేపు ఒక్కటే ఎంత బరువు మోస్తుంది? విదేశీ సంస్థలు ఇవ్వగలిగింది శిక్షణ, పరికరాలు, కొన్నేళ్ల జీతాలు. కరెంటు విధానమూ చట్టమూ రాష్ట్రం చేతిలోవి. ఆ రెండూ ప్రాజెక్టుతో ఎప్పుడూ చేయి కలపలేదు.

ప్రాజెక్టు ముగిసి పదేళ్లు గడిచాయి. 2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన ప్రారంభించింది. 6,000 కోట్ల రూపాయల పథకం, అందులో సగం ప్రపంచ బ్యాంకు రుణం. ఊరి నీటి బడ్జెట్ ఊరివాళ్లే వేయాలి, నీటిమట్టం ఊళ్లోనే కొలవాలి. అనంతపురంలో, నల్లగొండలో రైతులు చేసి చూపించిన పనే. అందుకు ఎంచుకున్నవి గుజరాత్, హరియాణా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆ ఏడింటిలో లేవు.