తాతయ్యా, ఇవి అసీలేనా?

చిరంజీవులు బుజ్జికీ, చంటికీ తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. దసరా సెలవుల్లో సైకిల్ మీద గంప పెట్టుకొచ్చినతని దగ్గర ఆరు కోడిపిల్లలు కొన్నామన్నారు. "అసీల్ జాతి పిల్లలు, పచ్చరంగువి పెట్టలు, గులాబీరంగువి పుంజులు" అని చెప్పి అమ్మాడన్నారు. రెండు పోగా మిగిలిన నాలుగూ సంక్రాంతి వెళ్ళేసరికి కొంగల్లా తెల్లబడ్డాయి, నాలుగింటికీ ఎర్రటి పెద్ద జుట్లు నిలబడ్డాయి, నాలుగూ కూతకొచ్చాయి. ఉత్తరం చివర బుజ్జి పెద్ద అక్షరాలతో అడిగిన ప్రశ్న: "తాతయ్యా, ఇవి అసీలేనా?"

కావురా అబ్బాయ్. అసీల్ అంటే పందెంకోళ్ళ జాతి. ఇవి గుడ్ల ఫారాల తాలూకు మగపిల్లలు. తణుకు, అనపర్తి వైపు వెళ్ళేటప్పుడు బస్సు కిటికీలోంచి పొడుగాటి షెడ్లు కనిపిస్తాయే, వాటిలో ఉండే లెగ్‌హార్న్ రకం కోళ్ళకి అన్నదమ్ములన్నమాట. ఆ పిల్లల్ని పుట్టించే చోట మొదటి రోజే పెట్టల్నీ పుంజుల్నీ వేరుచేస్తారు. పెట్టలు ఫారానికి పోతాయి. పుంజులు గుడ్డు పెట్టవు, ఎంత మేపినా పెద్దగా కండ పట్టవు. అందుకని గుట్టగా, కారుచౌకగా అమ్మేస్తారు. ఎవరో వాటిని రంగునీళ్ళలో ముంచి ఆరబెడతారు. పుట్టినప్పటి పసుపు నూగు మీద ఏ రంగైనా ఇట్టే పడుతుంది. ఆ నూగు రాలి అసలు ఈకలు వచ్చేసరికి, అంటే నెల తిరక్కుండానే, పచ్చా పోతుంది, గులాబీ కూడా పోతుంది. తెచ్చింది మగపిల్లల గుట్టలోంచి కాబట్టి పచ్చదీ పుంజే, గులాబీదీ పుంజే.

అమ్మినతన్ని మరీ తిట్టకండి. అతనికి ఇచ్చినవాడు అసీల్ అని చెప్పి ఉంటాడు, అతను మీకు అదే చెప్పాడు. కోళ్ళ విషయంలో తప్పుడు పేర్లు చాలావరకు ఇలాగే, నోటినుంచి నోటికి పాకుతాయి. మీరు కూడా మూడు నెలలపాటు బడిలో అందరికీ "మా ఇంట్లో అసీల్ ఉన్నాయి" అని చెప్పే ఉంటారు కదా?

సరే, అసీల్‌ని ఎలా పోల్చుకోవాలి? ఒక్కరోజు పిల్లని చూసి ఎవరూ చెప్పలేరు. చెబుతున్నాడంటే వాడు అమ్ముకునేవాడే. రెండు నెలలు నిండాక జుట్టు చూడండి. అసీల్‌కి రంపంలా నిలబడే జుట్టు ఉండదు. ముక్కు మొదట్లో నెత్తికి అతుక్కుని, బఠాణీలు వరసగా పేర్చినట్టు చిన్న గడ్డ ఉంటుంది. గొంతు కింద వేలాడే ఎర్రతోలు ఉండీ లేనట్టుంటుంది. ముక్కు పొట్టిగా, లావుగా ఉంటుంది. మెడ పొడుగు, నిలువు నిటారు. ఈకలు పలచగా, ఒంటికి అంటుకుని ఉంటాయి. చేత్తో పట్టుకుంటే దూది తగలదు, కండ తగులుతుంది. తోక కిందకి వాలి ఉంటుంది. ఈ లక్షణాల్లో ఒకటి ఉండి మిగతావి లేకపోతే అది అసీల్ పోలిక ఉన్న నాటుకోడి. అందులో తప్పేం లేదు, మన డెల్టాలో పెరటి కోళ్ళు సగం అలాంటివే. పేరు మాత్రం అది కాదు.

మీ పెదనాన్న "మన దగ్గర డేగ జాతి ఉంది, కాకి జాతి ఉంది" అంటుంటాడు. అదీ సరికాదని నేను చెప్పానని చెప్పొద్దు, అలుగుతాడు. డేగ అంటే ఎర్రనిది, కాకి అంటే నల్లనిది, సేతువ అంటే తెల్లనిది. నెమలి, కౌజు, పింగళ, మైల ఇవన్నీ ఈకల రంగుని బట్టి పందేలవాళ్ళు పెట్టిన పేర్లు. పందేల జోలికి మీరు వెళ్ళొద్దు, అది చట్టం ఒప్పుకోని పని, కోడికి ప్రాణాంతకం. కానీ ఆ రంగుల పేర్లు మాత్రం ఎంత బావుంటాయో! ఒకే పెట్ట ఒకే గంప కింద లేపిన పిల్లల్లో ఒకటి డేగ కావచ్చు, ఒకటి కాకి కావచ్చు. తోడబుట్టినవాళ్ళలో ఒకడు చామనఛాయ, ఒకడు తెలుపు ఉన్నంతమాత్రాన జాతులు వేరవుతాయా?

మరి జాతంటే ఏమిటని చంటి అడుగుతుంది, నాకు తెలుసు. మామిడి చెట్టుతో చెబుతాను.

మన దొడ్లో కొత్తపల్లి కొబ్బరి చెట్టుంది కదా, నాన్నమ్మ ఆవకాయకి ఆ కాయే కావాలంటుంది. దాని పండు తిని టెంక నాటామనుకోండి. మొలకెత్తుతుంది, చెట్టవుతుంది, ఎప్పుడో కాస్తుంది. ఆ కాయ కొత్తపల్లి కొబ్బరి కాదు. కాస్త అమ్మ పోలిక, కాస్త పుప్పొడి ఏ చెట్టునుంచి వస్తే ఆ చెట్టు పోలిక. ఈగలు వచ్చి వాలతాయి చూడండి మామిడిపూత మీద, అవి ఏ దొడ్లోంచి వచ్చాయో వాటినెవరడిగారు? పీచు ఎక్కువుండొచ్చు, పులుపు తగ్గొచ్చు. అందుకే టెంక మొక్కకి పేరుండదు, దాన్ని టెంకమామిడి అంటాం, అంతే. పేరు కావాలంటే అంటు కట్టాలి. అంటులో తల్లికొమ్మే కొత్త వేరు మీద బతుకుతుంది, కాబట్టి పేరూ బతుకుతుంది. కోడిపెట్ట చెట్టు, గుడ్డు టెంక, పక్కింటి పుంజు ఈగ. కాదు, పుంజు పుప్పొడి, దాన్ని మీ దొడ్లోకి రానిచ్చిన కంచె కంత ఈగ. ఏదో ఒకటి. ఇంతవరకు బాగానే వచ్చింది గానీ, ఇక్కడ నా మామిడి చెట్టు విరిగింది. కోడికి అంటు కట్టలేం. కోడి ప్రతిసారీ టెంకలోంచే రావాలి.

అంచేత కోడి జాతి నిలబడాలంటే ఒకటే దారి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జాతివే కావాలి, వేరే పుంజు దాని దగ్గరికి రాకూడదు. వినడానికి తేలిక, మన ఊళ్ళో చెయ్యడం కష్టం. కొబ్బరితోటలకి కంచెలుండవు. ఒక దొడ్డి పక్కన ఇంకో దొడ్డి, మధ్యలో బోదె, దాని మీద తాటిపట్టె. పొద్దున్న గూడు తలుపు తీస్తే కోళ్ళు వీధంతా మావే అనుకుంటాయి. మీ పెట్ట జాతి ఏదన్నది మీ పెరటి ఒక్కదాని చేతిలో లేదు, వీధి మొత్తం చేతిలో ఉంది.

ఇంకో సంగతి చాలామంది పెద్దవాళ్ళకే తెలియదు. పుంజుని తీసేసిన మర్నాటినుంచి పెట్టిన గుడ్లు కొత్త పుంజువే అనుకుంటారు. పెట్ట ఒంట్లో పాత పుంజు బీజం రెండు మూడు వారాలదాకా నిలవుంటుంది. కాబట్టి పుంజుని మార్చాక మూడు వారాల గుడ్లు అట్టేసుకు తినాలి, పొదగెయ్యకూడదు. ఆ తర్వాతి గుడ్లే కొత్త తండ్రివని ధీమాగా చెప్పొచ్చు. ఎనిమిది, పది పెట్టలకి ఒక్క పుంజు చాలు.

ఇప్పుడు మిగతా పేర్ల సంగతి గబగబా చెప్పేస్తాను. వనరాజా, గ్రామప్రియ అనేవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన సంకర రకాలు. రంగురంగుల ఈకలతో నాటుకోడిలాగే ఉంటాయి కాబట్టి సంతల్లో నాటుకోడి పేరుతో చెలామణి అవుతుంటాయి. మంచి కోళ్ళే. అయితే వాటి గుడ్లు పొదగేసి "మా ఇంటి వనరాజా పిల్లలు" అంటే నడవదు. అవి టెంకమామిళ్ళు (చూశారా, చెట్టు ఇంకా పూర్తిగా పడిపోలేదు). పిల్లల్లో కొన్ని అమ్మమ్మని పోలతాయి, కొన్ని తాతని. గుడ్లూ బరువూ తగ్గుతాయి. పైగా ఈ రకం పెట్టలు మామూలుగా పొదుగుకి కూర్చోవు, నాటుపెట్టని అరువు తెచ్చుకోవాలి.

కడక్‌నాథ్ అనే నల్లకోడిది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం. అక్కడి కడక్‌నాథ్ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నల్ల ఈకలున్న ప్రతి కోడీ కడక్‌నాథ్ కాదు. నెమ్మదిగా నోరు తెరిచి నాలుక చూడండి. రొమ్ము మీద ఈకలు ఊది చర్మం చూడండి. అక్కడా నలుపుంటేనే నమ్మాలి. గుడ్డు నల్లగా ఉంటుందని చెబితే మాత్రం నవ్వి ఊరుకోండి, దాని గుడ్డు లేత గోధుమరంగులో ఉంటుంది. రక్తమూ ఎరుపే. మెడ మీద ఈకల్లేని కోడి టర్కీకోడికి పుట్టిందంటారు, అదీ ఒట్టిదే. మెడకి ఈకలు రానివ్వని గుణం ఒకటి తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగుతుంది, అంతే.

గుడ్ల దగ్గరా ఇదే గోల. గోధుమరంగు గుడ్డంతా నాటుగుడ్డు కాదు, ఫారాల్లో ఆ రంగు గుడ్లు పెట్టే రకాలున్నాయి. టీ డికాషన్‌లో ముంచి రంగు ఎక్కించారేమో చూద్దామని నిమ్మచెక్కతో రుద్దుతారు కొందరు. రంగు పోగానే "మోసం!" అంటారు. అసలైన గోధుమరంగు కూడా పెంకు పైపొరల్లోనే ఉంటుంది, పులుపు తగిలితే అదీ చెదురుతుంది. ఆ పరీక్ష పెట్టి మంచివాళ్ళతో తగువు తెచ్చుకోకండి.

మా చిన్నప్పుడు ఈ పేర్లేవీ లేవు. ఇంటికో రంగు గుడ్డపేలిక ఉండేది. కోడికాలికి కట్టిన పేలికని బట్టి ఎవరి కోడో తెలిసేది, దారితప్పితే చీకటిపడే లోపు ఇంటికి చేరేది. పెట్టని పాలికిచ్చేవారు. పెంచినవాళ్ళకి పిల్లల్లో సగం, ఇచ్చినవాళ్ళకి సగం. కాబట్టి ఏ పెట్ట ఎవరి పెట్ట కూతురో, తండ్రి ఎవరింటి పుంజో వీధిలో ఆడవాళ్ళందరికీ నోటికొచ్చేది. పుస్తకంలో రాసిపెట్టుకున్నట్టే. ఇప్పుడు ఆ పెద్దవాళ్ళు తగ్గిపోయారు కాబట్టి మీరు నిజంగానే పుస్తకం పెట్టండి. గుడ్లు ఎవరింటివి, ఏ తారీఖున పొదగేశారు, తండ్రి ఏ పుంజు, ఎన్ని లేచాయి, ఎన్ని మురిగాయి. తండ్రి తెలియకపోతే "తెలియదు" అని రాయండి, ఊహించి రాయొద్దు. కాలికి ప్లాస్టిక్ రింగు వేసినా, పేలిక కట్టినా పదిహేను రోజులకోసారి వదులుచెయ్యాలి. పిల్లకాలు లావెక్కేకొద్దీ అది బిగిసి చర్మంలోకి దిగుతుంది, కాలు వాచాక గానీ మనకి తెలియదు.

వీధిలో ఇంకెవరు కోళ్ళు పెంచుతున్నారో కూడా రాసుకోండి. దీనితో ఇంకో పనుంది. కొక్కెర తెగులు వస్తే ఒక ఇంటితో ఆగదు. దానికి టీకా సీసా సాధారణంగా వంద కోళ్ళకి సరిపడేది ఉంటుంది. కలిపాక రెండు గంటల్లోపు వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యడమే. మీ ఒక్క ఇంటి ఎనిమిది కోళ్ళకి సీసా విప్పమంటే ఎవరు విప్పుతారు? పది ఇళ్ళవాళ్ళు ఒకరోజు అనుకుని, కోళ్ళని పొద్దున్నే గూట్లోంచి వదలకుండా ఉంచి, పశువుల డాక్టరుగారిని పిలిస్తే గంటలో అయిపోతుంది. పిల్లలకి ఏడో రోజున కంట్లో ఒక చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద అర మిల్లీలీటరు సూది. మందు ఐసుముక్కలున్న ఫ్లాస్కులోనే రావాలి, ఎండలో సంచిలో వచ్చిన మందు నీళ్ళతో సమానం. అప్పటికే నీరసంగా ఉన్న కోడికి వెయ్యకూడదు. బయటినుంచి కొత్తగా తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు దూరంగా వేరే గంప కింద ఉంచండి. మీ ఆరింటిలో రెండు పోయాయి, అయినా ఆ రెండు మూడు వారాలు పాటించకపోయినా నాన్నమ్మ కోళ్ళకి ఏమీ కాకపోవడం మీ అదృష్టం.

నాలుగు పుంజుల్నీ ఏం చెయ్యాలంటారా? ఒకటి ఉంచుకోండి, ముచ్చటగా కూస్తుంది. మిగతావి ఇచ్చెయ్యండి, లేకపోతే వేసవికి ఒకదాన్నొకటి రక్తాలొచ్చేలా పొడుచుకుంటాయి. ఎవరికిచ్చినా "ఇవి లెగ్‌హార్న్ మగవి" అని చెప్పి ఇవ్వండి. ఉంచుకున్నది నాన్నమ్మ పెట్టలతో తిరుగుతుంది కాబట్టి పొదగేసే గుడ్లు మాత్రం ఎదురింటి పిన్నిగారి దగ్గర తెచ్చుకోండి, వాళ్ళ పుంజు నిఖార్సైన నాటుది. బదులుగా మన గుడ్లివ్వండి. వారం దాటని గుడ్లు, పదకొండో పదమూడో, పెట్ట ఒళ్ళు కప్పగలిగినన్ని. ఒక్కోదానికి బొగ్గుతో బొట్టు పెట్టండి. వేరే పెట్ట వచ్చి అదే గంపలో పెట్టిపోతే బొట్టు లేని గుడ్డు తీసెయ్యొచ్చు. ఏడో రోజు రాత్రి టార్చిలైటు మీద గుడ్డు పెట్టి చూస్తే లోపల సాలెపురుగు కాళ్ళు చాచినట్టు ఎర్రటి నరాలు కనిపిస్తాయి. కనిపించకపోతే అది మురుగుడ్డు.

ఈలోగా రేపు పొద్దున్న ఒక పని చెయ్యండి. నాన్నమ్మ డేగపెట్టని పట్టుకుని కంటి వెనక చెవితమ్మె చూడండి, తర్వాత మీ తెల్లపుంజుది చూడండి. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. తెల్ల చెవితమ్మె ఉన్న జాతులు చాలావరకు తెల్లగుడ్డు పెడతాయి. చెవికీ గుడ్డుకీ లంకె ఎందుకుండాలంటే నాకు చెప్పడం రాదు గానీ, చూడటానికి భలే ఉంటుంది.

ఇరవయ్యో రోజు సాయంత్రం పొదుగులోంచి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకోండి. పెంకు పగలకముందే లోపల పిల్ల కియ్యిమంటుంది, గంపలోంచి పెట్ట దానికి బదులు పలుకుతుంది. ఆ పలికేది ఏ జాతో, ఏ రంగో, పెట్టో పుంజో ఎవరికీ తెలియదు. గుడ్డు తీసేటప్పుడు చేతికి దళసరి గుడ్డ చుట్టుకోండి, పొదుగుపెట్ట గట్టిగా పొడుస్తుంది.

ఇట్లు,
మీ తాతయ్య