హెల్మెట్ అంచుకీ గ్రిల్‌కీ మధ్య సందు

2014 ఆగస్టు 9. మాంచెస్టర్‌లోని ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఇంగ్లండ్, భారత్ టెస్టు. వరుణ్ ఆరోన్ బౌలింగ్‌లో సిక్సర్లు బాది ఊపు మీదున్న స్టువర్ట్ బ్రాడ్ మరో బౌన్సర్‌ను హుక్ చేయబోయాడు. బంతి బ్యాట్ పైఅంచుకు తగిలి, హెల్మెట్ ముందంచుకీ ముఖం ముందుండే కడ్డీల గ్రిల్‌కీ మధ్యనున్న సందులోంచి నేరుగా ముఖం మీదికి వెళ్లింది. ముక్కు విరిగింది.

దానికి నాలుగు వారాల ముందే నార్తాంప్టన్‌లో ఇంగ్లండ్ బ్యాటర్ క్రెయిగ్ కీస్‌వెటర్‌కు ఇలాగే జరిగింది. 2010 టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అతను. బంతి అదే సందులోంచి దూరి ముక్కునీ కంటి చుట్టూ ఉన్న ఎముకనీ విరగ్గొట్టింది. చూపు మునుపటిలా లేదని మరుసటి ఏడాది 27 ఏళ్లకే ఆటకు సెలవు చెప్పాడు.

ఇద్దరికీ హెల్మెట్ ఉంది, గ్రిల్ ఉంది. మరి బంతి ఎలా దూరింది? పురుషుల క్రికెట్ బంతి చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు. అంటే వ్యాసం సుమారు 7.2 సెంటీమీటర్లు. అప్పట్లో చాలా హెల్మెట్లలో గ్రిల్‌ను చెవుల దగ్గరి స్క్రూలు వదులు చేసి పైకీ కిందికీ జరుపుకునే వీలుండేది. చూపుకి అడ్డం రాకూడదని బ్యాటర్లు దాన్ని కిందికి దించుకునేవారు. ఎంత దించితే సందు అంత పెరుగుతుంది.

వాళ్లది నిర్లక్ష్యం అనడానికి నాకు మనసొప్పదు. వాళ్ల ఇబ్బంది నిజమైనది. ఒక పెన్సిల్‌ను కళ్లకు దగ్గరగా నిలువుగా పట్టుకుని, రెండు కళ్లతో దూరంగా ఉన్న గోడను చూడండి. గోడ మీద ఏదీ మరుగు కాదు, ఎందుకంటే ఒక కంటికి కనపడని భాగం రెండో కంటికి కనిపిస్తుంది. ఇప్పుడు పెన్సిల్‌ను అడ్డంగా తిప్పండి. రెండు కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి కాబట్టి రెండింటికీ ఒకే చోట అడ్డం పడుతుంది, గోడ మీద ఒక పట్టీ మసకబారిపోతుంది. గ్రిల్‌లో ఎక్కువగా ఉండేవి ఈ అడ్డ కడ్డీలే. ఐదు మిల్లీమీటర్ల కడ్డీ కంటికి 8 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లెక్క వేస్తే, 18 మీటర్ల అవతల బౌలర్ చెయ్యి ఉన్నచోట మీటరుకు పైగా ఎత్తు మేర దృశ్యం మరుగునో మసకలోనో పడుతుంది. బంతి చేతిలోంచి ఎలా వస్తోందో చూసి, అర సెకనులోపు నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి ఇది మామూలు టెన్షన్ కాదు.

అడ్డం లేని పారదర్శకమైన వైజర్, అంటే ముఖం ముందు ప్లాస్టిక్ పలక, పెట్టొచ్చుగా అనిపిస్తుంది. మొదట చేసింది అదే. 1977లో ఆస్ట్రేలియా వ్యాపారి కెర్రీ ప్యాకర్ సొంతంగా పెట్టిన వరల్డ్ సిరీస్ క్రికెట్ ఆడటానికి వెళ్లిన ఇంగ్లండ్ బ్యాటర్ డెనిస్ అమిస్, మోటార్‌సైకిల్ హెల్మెట్ లాంటిది చేయించుకున్నాడు. దానికి ముందు పాలికార్బొనేట్ వైజర్. ఈ ప్లాస్టిక్‌ను 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్ ఎవరికి వారుగా తయారుచేశారు. గాజులా పగిలి ముక్కలవ్వదు, వంగి దెబ్బను మింగుతుంది. కానీ ఇట్టే గీతలు పడుతుంది, ఎదురెండలో ఆ గీతలు మెరుస్తాయి. పైగా ఊపిరిలోని తేమ చల్లటి వైజర్ లోపలివైపు సన్నటి బొట్లుగా పేరుకుని చూపును మసక చేస్తుంది. ఎండలో పరుగులు తీసి చెమటలు కక్కే ఆటకు గాలి ఆడే కడ్డీలే నయమనిపించాయి. అలా గ్రిల్ వచ్చి స్థిరపడింది. గ్రిల్ లేని హెల్మెట్ ఎంత ప్రమాదమో 1986లో ఇంగ్లండ్ బ్యాటర్ మైక్ గ్యాటింగ్ ముక్కును వెస్టిండీస్ బౌలర్ మాల్కమ్ మార్షల్ బౌన్సర్ చితగ్గొట్టినప్పుడు ప్రపంచం చూసింది.

ఇక అలాంటి ప్లాస్టిక్ పలక బలం సంగతి. గ్రైండింగ్ పని చేసేవాళ్లు హెల్మెట్‌కు తగిలించుకునే ఫేస్ షీల్డ్‌ను యూరప్ ప్రమాణం ఈఎన్ 166లోని ఒక స్థాయిలో పరీక్షించేటప్పుడు, ఒక గ్రాముకన్నా తక్కువ బరువున్న ఉక్కు గుండును సెకనుకు 120 మీటర్ల వేగంతో కొడతారు. దాని శక్తి సుమారు 6 జౌల్స్. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే 160 గ్రాముల క్రికెట్ బంతి శక్తి 120 జౌల్స్ పైమాటే, అంటే ఇరవై రెట్లు. గ్రైండర్ నిప్పురవ్వలకు పనికొచ్చే ఆలోచన ఇక్కడికి సరిపోదు.

సందు బంతి కంటే కాస్త చిన్నదైతే చాలు, ఆగిపోతుంది కదా అనుకుంటాం. అసలు చిక్కు ఇక్కడే ఉంది. సందు 6.8 సెంటీమీటర్లు అనుకోండి. 7.2 సెంటీమీటర్ల బంతి అందులో దాదాపు మూడో వంతు దాకా దిగిన తర్వాతే అంచులకు తగులుతుంది. అక్కడ బంతి పక్కతలం దాదాపు బంతి వచ్చే దిశలోనే ఉంటుంది. అందువల్ల అది ఒక్కో అంచునూ వెనక్కి తోసేదానికంటే పక్కకు విడదీసేది ఎక్కువ, రాపిడిని పక్కనపెట్టి లెక్కిస్తే దాదాపు మూడు రెట్లు. కట్టె చీల్చడానికి దిగ్గొట్టే మేకులా పనిచేస్తుందన్నమాట. గ్రిల్ కాస్త వంగిందా, స్క్రూ దగ్గర కాస్త జారిందా, బంతి లోపలే. సందు 5 సెంటీమీటర్లయితే ఆ రెండు బలాలూ దాదాపు సమానమవుతాయి. అందుకే సందును చేత్తో బంతి పెట్టి చూసి తేల్చలేం. బంతిని వేగంగా విసిరి చూడాల్సిందే.

గ్రిల్ వంగడంలో ఇంకో ప్రమాదం ఉంది. బంతి లోపలికి రాకపోయినా కడ్డీయే వెళ్లి చెంపకో దవడకో గుద్దుకోవచ్చు. టైటానియం గ్రిల్ ఉక్కుకంటే చాలా తేలిక, తల తిప్పడానికి హాయి. కానీ అంతే మందం ఉన్న ఉక్కు కడ్డీ కంటే టైటానియం కడ్డీ దాదాపు రెట్టింపు వంగుతుంది. తేలికదనం కావాలంటే ముఖానికీ గ్రిల్‌కీ మధ్య ఎక్కువ ఖాళీ వదలాలి, లేదంటే కడ్డీల అల్లిక మార్చి బిగువు తేవాలి.

ఇవన్నీ పట్టించుకున్న పరీక్ష బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7928 కొత్త రూపంతో 2013లో వచ్చింది. హెల్మెట్ తొడిగిన నమూనా తల మీదికి నిజమైన ఆట వేగాలకు దగ్గరగా బంతిని కొట్టి, బంతి సందులోంచి దూరిందా, గ్రిల్ వంగి ముఖాన్ని తాకిందా అని చూస్తారు. ప్రమాణం వచ్చేనాటికే పాత హెల్మెట్లు అందరి కిట్లలో ఉన్నాయి. బ్రాడ్, కీస్‌వెటర్‌ల గాయాలు ఆ మధ్యకాలంలోవే. 2014 నవంబరులో బౌన్సర్ తగిలి ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిలిప్ హ్యూస్ మరణించడంతో హెల్మెట్ల మీద అందరి దృష్టీ పడింది. అతనికి తగిలింది గ్రిల్ కాపాడలేని చోట, మెడ మీద. 2017 ఫిబ్రవరి నుంచి అంతర్జాతీయ మ్యాచుల్లో హెల్మెట్ పెట్టుకుంటే అది ఈ ప్రమాణానికి లోబడినదే అయి ఉండాలని ఐసీసీ నియమం పెట్టింది. తయారీదారులు గ్రిల్‌ను జరపడానికి వీల్లేకుండా బిగించి అమ్మడం మొదలుపెట్టారు.

అప్పటికే ఇంగ్లండ్ బోర్డు తన ఆటగాళ్లకు ఈ నియమం పెట్టింది. 2016లో ఆ జట్టు కెప్టెన్ అలిస్టర్ కుక్ అంతటివాడు కొత్త హెల్మెట్‌కు మొదట ఒప్పుకోలేదు, చూపు చెదురుతోందన్నాడు. తర్వాత మార్చుకున్నాడు.

నా దృష్టిలో ఈ మార్పులో అసలైన తెలివి ఒకటుంది. సర్దుబాటును తీసేయలేదు, దాని చోటు మార్చారు. తలల కొలతలు, కళ్ల ఎత్తు మనిషికీ మనిషికీ వేరు కాబట్టి ఏదో ఒకటి కదలాలి. గ్రిల్ కదిలితే సందు మారుతుంది. అదే తల వెనుక బిగించే డయల్, లోపలి ప్యాడ్లు, గడ్డం పట్టీ కదిలితే హెల్మెట్ మొత్తంగా కళ్లకు పైకో కిందికో జరుగుతుంది, సందు కొలత మాత్రం చెక్కుచెదరదు. అందుకే సరైన సైజు ఇప్పుడు ఇంకా ముఖ్యం. వదులుగా ఉన్న హెల్మెట్ బంతి తగలగానే తల చుట్టూ తిరుగుతుంది, అప్పుడు గ్రిల్‌కీ ముఖానికీ మధ్య వదిలిన ఖాళీ ఎందుకూ కొరగాదు.

ఈ మాట ముఖ్యంగా పిల్లల్ని కోచింగ్‌కు పంపే తల్లిదండ్రులకు చెప్పాలి. ఎదిగే పిల్లాడు కదా, రెండేళ్లు వస్తుందని మనం బట్టలూ చెప్పులూ ఒక సైజు పెద్దవి కొంటాం. హెల్మెట్ అలా కొనకూడదు. పట్టు సంగతి అలా ఉంచితే, జూనియర్ బంతి చుట్టుకొలత 20.5 నుంచి 22 సెంటీమీటర్లే, అంటే వ్యాసం ఆరున్నర నుంచి ఏడు సెంటీమీటర్లు. పెద్దల బంతిని ఆపిన సందు దీన్ని ఆపుతుందన్న భరోసా లేదు. అందుకే ఆ ప్రమాణంలో పెద్దల బంతికీ జూనియర్ బంతికీ పరీక్షలు వేరువేరుగా ఉంటాయి. ఏ బంతితో పరీక్షించారో హెల్మెట్ లోపలి లేబుల్ మీద ఉంటుంది. షాపులో ధర కంటే ముందు అది చదవండి. పాత హెల్మెట్‌కు వేరే కంపెనీ గ్రిల్ తగిలించి ఇస్తామంటే మాత్రం వద్దనండి. ఆ రెండూ కలిపి ఎవరూ పరీక్షించి ఉండరు.