ఆముదం అంత చిక్కగా ఉండి నీళ్ల మీద ఎలా తేలుతుంది? సాంద్రతపై అపోహలు, వాస్తవాలు

హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. సాంద్రత సూత్రం పిల్లలందరికీ నోటికి వస్తుంది: ద్రవ్యరాశి బై ఘనపరిమాణం. లెక్కలూ చకచకా చేసేస్తారు. కానీ ఆముదం సీసా, నీళ్ల గ్లాసు బల్ల మీద పెట్టి, రెండూ కలిపి పోస్తే ఏది అడుక్కి వెళ్తుందని అడిగితే చాలామంది ఆముదమే అంటారు. వాళ్ల అమ్మానాన్నలను అడిగినా అదే జవాబు. అందుకే ఈ పోస్టు ఇద్దరికీ. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు, ఒక స్టీలు గ్లాసు ఉంటే సగం అపోహలు ఇంట్లోనే తేలిపోతాయి.

అపోహ: చిక్కగా ఉంటే సాంద్రత ఎక్కువ

ఆముదం నీళ్లకంటే కొన్ని వందల రెట్లు చిక్కన. అయినా ఘన సెంటీమీటరుకు దాని బరువు 0.96 గ్రాములే. నీళ్లది 1 గ్రాము. అందుకే ఆముదం పైకి తేలుతుంది. చిక్కదనం అంటే ద్రవం పారడానికి ఎంత మొరాయిస్తుందన్నది. సాంద్రత అంటే అంతే జాగాలో ఎంత పదార్థం పట్టిందన్నది. ఒకటి చూసి రెండోది చెప్పలేం.

నమ్మకం కుదరకపోతే తూచి చూడండి. త్రాసు మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేయండి. అంచుదాకా నీళ్లు పోసి బరువు రాసుకోండి. గ్లాసు తడి లేకుండా తుడిచి, మళ్లీ అంచుదాకా నూనె పోయండి. 200 గ్రాముల నీళ్లు పట్టే గ్లాసులో పొద్దుతిరుగుడు నూనె 184 గ్రాముల దగ్గర ఆగుతుంది. తేనె అయితే 280 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది (గ్లాసెడు తేనె పోస్తే ఇంట్లో ఏమంటారో నేను చెప్పలేను). గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో తెలియక్కర్లేదు. దేని బరువునైనా నీళ్ల బరువుతో భాగిస్తే, నీటికంటే అది ఎన్ని రెట్లు సాంద్రమో వచ్చేస్తుంది.

అపోహ: సాంద్రతలో తేడా ఉంది కాబట్టే నూనె, నీళ్లు కలవవు

పైన తూచిన అంకెలే దీన్ని కొట్టేస్తాయి. నూనెకూ నీటికీ తేడా కొద్దిగానే. తేనెకూ నీటికీ తేడా అంతకంటే చాలా ఎక్కువ. అయినా చెంచాతో తిప్పితే తేనె కరిగిపోతుంది, నూనె కరగదు. కలవడం, కలవకపోవడం అణువుల స్వభావాన్ని బట్టి ఉంటుంది. కలవని వాటిలో ఏది పైన, ఏది కింద అన్నది మాత్రమే సాంద్రత నిర్ణయిస్తుంది.

అన్నట్టు, నీళ్లలో వేస్తే కరగకుండా అడుక్కి దిగితే స్వచ్ఛమైన తేనె అని వాట్సాప్‌లో ఒక పరీక్ష తిరుగుతుంటుంది. ముదురు బెల్లం పాకం వేసి చూడండి, అదీ అలాగే దిగుతుంది.

అపోహ: లాక్టోమీటర్ ముంచితే పాల బండారం బయటపడుతుంది

ఇక్కడ కాస్త ఆగాలి. లాక్టోమీటర్ అంటే పాల సాంద్రత కొలిచే పరికరం. ముందు అలాంటిదొకటి మనమే చేద్దాం. సిరా అయిపోయిన బాల్ పెన్ రీఫిల్ తీసుకుని, లోహపు మొన కిందికి ఉండేలా సన్నటి పొడవాటి సీసాలో నీళ్లు పోసి వదలండి. నిటారుగా తేలుతుంది. నీటిమట్టం దగ్గర పెన్నుతో గీత పెట్టండి. ఇప్పుడు నీళ్లు తీసేసి చల్లటి పాలు పోసి మళ్లీ వదలండి. గీత పాలపైన కనిపిస్తుంది. పాలు నీటికంటే మూడు శాతమే సాంద్రం కాబట్టి, పది సెంటీమీటర్లు మునిగే రీఫిల్‌లో తేడా మూడు మిల్లీమీటర్లు. కంటికి ఆనుతుంది కానీ జాగ్రత్తగా చూడాలి.

లాక్టోమీటర్ పనిచేసేదీ ఇలాగే. దాని మీద 28 అంటే సాంద్రత 1.028. నీళ్లు కలిపితే అంకె తగ్గుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా వెన్న దగ్గర. వెన్న నీటికంటే తేలిక, అందుకే మీగడ పైకి తేలుతుంది. వెన్న తీసేస్తే మిగిలిన పాలు పలచబడతాయి, సాంద్రత మాత్రం పెరిగి 1.035 దగ్గరికి చేరుతుంది. ఆ పాలకు లీటరుకు 160 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి, మళ్లీ 1.030కి దిగొస్తుంది. లాక్టోమీటర్ ముంచితే నిఖార్సయిన పాలే! వెన్నా తీశారు, నీళ్లూ పోశారు, అంకె కదల్లేదు. పాల కేంద్రాల్లో వెన్న శాతం కూడా కొలిచేది ఇందుకే. ఒక్క సాంద్రత చూసి పాలు మంచివని చెప్పేవాళ్లను నేనైతే నమ్మను.

అపోహ: గడ్డకడితే తేలుతుంది, మంచుగడ్డలా

మంచుగడ్డ సాంద్రత 0.917. గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఎడంగా సర్దుకోవడం వల్ల అది తేలుతుంది. ఇది నీటికున్న వింత, అన్ని పదార్థాలకూ ఉండేది కాదు. కరిగించి చల్లార్చిన నెయ్యిలో గట్టి నెయ్యి ముక్క వేయండి, మునుగుతుంది. పూస కట్టిన నెయ్యి డబ్బాలో పూస అడుగున, తేట పైన ఉండేదీ అందుకే. చలికాలంలో కొబ్బరినూనెతోనూ ఇదే చేసి చూడొచ్చు.

అపోహ: నీళ్లలో తేలిన గుడ్డు కుళ్లిపోయినట్టే

గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలుంటాయి. రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ ఆవిరై, గాలి గది పెరుగుతుంది. పెంకు సైజు మారదు, బరువు తగ్గుతుంది. అందుకే తేలుతుంది. అంటే గుడ్డు పాతదని తెలిసింది, అంతే. పాడైందో లేదో పగలగొట్టి వాసన చూస్తే గానీ తెలియదు.

తాజా గుడ్డునూ తేల్చవచ్చు. గ్లాసు నీళ్లలో చెంచా చెంచాగా ఉప్పు కలుపుతూ పోండి. రెండు పెద్ద చెంచాల దగ్గరికొచ్చేసరికి గుడ్డు అడుగు వదిలి పైకి వస్తుంది. మన వరి రైతులకు ఇది కొత్త కాదు. నారు పోసే ముందు ఉప్పునీళ్లలో గుడ్డు వేసి, అది రూపాయి బిళ్లంత మేర పైకి కనిపించేదాకా ఉప్పు కలుపుతారు. తర్వాత గుడ్డు తీసి విత్తనాలు పోస్తారు. తాలు (లోపల గింజ లేని ఉత్త పొట్టు), అరకొర గింజలు పైకి తేలతాయి, నిండు గింజలు అడుగున మిగులుతాయి. మామూలు నీళ్లయితే ఉత్త తాలు మాత్రమే తేలుతుంది. సగం నిండిన గింజ కూడా నీటికంటే సాంద్రమే కాబట్టి మంచి గింజలతోపాటే మునిగిపోతుంది. రెండింటినీ విడదీయడానికే ఆ ఉప్పు. ఏరిన విత్తనాన్ని వెంటనే మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి, లేకపోతే ఉప్పు మొలకను దెబ్బతీస్తుంది.